ఎదుగుదల నివారణ విభాగం

మా కిలకిల బొమ్మల కంపెనీ ఆదాయం ఎలా ఉందో తెలుసుకోవడానికి షేర్లు కొననక్కర్లేదు. కాకినాడలో సామర్లకోట బస్సెక్కి ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే చాలు. మా ఫ్యాక్టరీ ప్రహరీగోడ రోడ్డు పక్కనే పొడుగ్గా సాగుతుంది. దాని మీద ఈ చివర నుంచి ఎర్ర రంగుతో ఒక గీత బయల్దేరుతుంది. అదే మా ఆదాయం.

కంపెనీ పెట్టిన పెద్దరాజుగారు మొదలెట్టిన ఆచారం ఇది. ఏటా ఉగాదినాటికి లెక్కలు తేలగానే పెయింటర్ని పిలిపించి గీతను బారెడు ముందుకు గీయించేవారు. ఆదాయం పెరిగితే పైకి, తగ్గితే కిందికి. వ్యాపారంలో దాపరికం ఉండకూడదని ఆయన అనేవారట. ఆయన హయాంలో గీత పైకి తప్ప పోలేదు కాబట్టి దాపరికం అవసరం పడలేదు.

గేటు దగ్గర, లక్కపిడతలూ కర్ర బొంగరాలూ చేసే రోజుల్లో, గీత మోకాలి ఎత్తున ఉంటుంది. కీ ఇస్తే పరిగెత్తే కారు వచ్చాక నడుం దాకా లేచింది. పడుకోబెడితే కళ్ళు మూసే బొమ్మ వచ్చాక భుజం దాటింది. బ్యాటరీ రైలు వచ్చిన ఏడు గోడపైకంటా వెళ్ళి, దొంగలు దూకకుండా పాతిన గాజుపెంకుల్ని తాకింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సంవత్సరాల్ని ఈ గోడతోనే గుర్తుపెట్టుకుంటారు. మా పెళ్ళి కళ్ళు మూసే బొమ్మ ఏడు అయిందని మా ఆవిడ విజయదుర్గ ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

రైలు తర్వాత గీతకు కళ్ళు తిరిగాయి. సెల్‌ఫోన్లు వచ్చాక భుజం దగ్గరికి దిగింది. టీకొట్టు దాటేసరికి మోకాలి దగ్గర ఉంది. కిందటేడు ఉగాదికి మురిక్కాలవ అంచుకు చేరింది. పెయింటరు పాపం బోర్లా పడుకుని వేశాడు. బస్సు డ్రైవర్లు అక్కడికొచ్చేసరికి వేగం తగ్గించేవారు. పెద్దరాజుగారి అబ్బాయి, మా ఎం.డి. వర్మగారు, రోడ్డువైపు రావడం మానేసి వెనక చెరుకుతోటల్లోంచి ఆఫీసుకు రావడం మొదలెట్టారు.

మేం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. గోడ పొడుగునా కాగితంపూల తీగ పెంచుదామని అకౌంట్స్‌వాళ్ళు ప్రతిపాదించారు. రోడ్డునే ఎత్తు తగ్గిస్తే గీత పైకి కనిపిస్తుందని ప్రొడక్షన్ మేనేజరు సోమయాజులుగారు అన్నారు. రోడ్డు ప్రభుత్వానిది కాబట్టి ఆ సంగతి పరిశీలనలో ఉంచాం. చివరికి వర్మగారు బెంగళూరు నుంచి సలహాదారుని రప్పించారు. ఆయన పేరు భరద్వాజ్. చాలా పెద్ద చదువు. మా గెస్టుహౌసులో వేసవంతా ఉండి, గోడను ఆ చివర నుంచి ఈ చివరకూ ఫొటోలు తీసి, మామిడిపళ్ళ సీజన్ అయిపోయాక నివేదిక ఇచ్చారు.

ఆ మీటింగు నాకు బాగా గుర్తు. తెర మీద ఎన్నో రంగుల బొమ్మలు చూపించాక, భరద్వాజ్ గారు గొంతు తగ్గించి అసలు విషయం చెప్పారు.

"మీ కస్టమర్లు పెద్దవుతున్నారు."

అందరూనా అని సోమయాజులుగారు అడిగారు. దాదాపు అందరూ అని ఆయన చెప్పారు. ఎప్పట్నుంచి జరుగుతోందిది అని వర్మగారు అడిగారు. డేటా దొరికినంత వెనక్కి వెళ్ళి చూశాననీ, కంపెనీ పెట్టిన తొలి ఏడాది నుంచీ జరుగుతూనే ఉందనీ, దీన్ని తమ భాషలో లీకేజీ అంటారనీ, కష్టపడి సంపాదించిన ప్రతి కస్టమరూ పన్నెండు దాటగానే కారిపోతున్నాడనీ ఆయన వివరించారు. తర్వాత నీళ్ళు తాగారు.

వర్మగారు నెమ్మదిగా నావైపు తిరిగారు. నేను అప్పటికి సేల్స్ మేనేజర్ని.

"ఇన్నేళ్ళూ ఈ విషయం నా దృష్టికి ఎందుకు తీసుకురాలేదయ్యా భానోజీరావ్?"

పిల్లలు పెద్దవుతారని నాకు తెలియదని చెప్పలేను, తెలిసి ఊరుకున్నానని అసలే చెప్పలేను. తల దించుకున్నాను. ఆ దించుకోవడాన్ని ఒప్పుకోలుగా తీసుకుని, మర్నాడే నన్ను కొత్త విభాగానికి అధిపతిని చేశారు. దాని పేరు ఎదుగుదల నివారణ విభాగం. ఉత్తర్వు నోటీసు బోర్డుకు అంటించారు: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, కంపెనీ ఖాతాదారులైన బాలబాలికలు ముందస్తు సమాచారం లేకుండా పెద్దవారగుట సంస్థ ప్రయోజనములకు భంగకరమైనందున, సదరు ప్రక్రియను సాధ్యమైనంత మేర అరికట్టవలసినదిగా నిర్ణయించడమైనది."

నాకు ఒక జీపు, నూకరాజు అనే అసిస్టెంటు ఇచ్చారు. నూకరాజుకి ఏ పని చెప్పినా ఎందుకని అడగడు. అందుకే కంపెనీలో అతనికి మంచి పేరు.

మొదట పిఠాపురంలో ఒక ఇంటికి వెళ్ళాం. ఆ అబ్బాయి ఎనిమిదేళ్ళ కిందట మా ఉత్తమ ఖాతాదారు పోటీలో మూడుచక్రాల సైకిలు గెలుచుకున్నాడు. తల్లి మమ్మల్ని ఆదరంగా కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. మీవాడు కంపెనీకి దూరమవుతున్నాడమ్మా, కారణం తెలుసుకుందామని వచ్చాం అన్నాను. ఆమె కాస్త సిగ్గుపడి, "మీసం వస్తోందండి వాడికి" అంది. దాన్ని ఎప్పుడు గమనించారని నూకరాజు రాసుకోబోయాడు. ఇంతలో కుర్రాడే వచ్చాడు. గుమ్మానికి తల తగులుతుందేమో అన్నట్టున్నాడు. మేం తెచ్చిన దూది ఎలుగుబంటిని మర్యాదగా పుచ్చుకుని, మీ కంపెనీలో ఉద్యోగాలేమైనా ఉన్నాయా అంకుల్ అని అడిగాడు.

ఇంటింటికీ తిరిగితే లాభం లేదని, మూలానికే వెళ్ళాలని భరద్వాజ్ గారు అన్నారు. పెద్దాపురంలో ఒక బడికి వెళ్ళి, నిక్కర్ల తరగతుల్లోని పిల్లల్ని ఇంకో రెండు మూడేళ్ళు అక్కడే ఉంచడానికి వీలవుతుందా అని హెడ్మాస్టరుగార్ని అడిగాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "విధానరీత్యా మేము విద్యార్థిని పై తరగతికి పంపడానికే నియమితులమండి. వాడికి వచ్చినా రాకపోయినా పంపుతాం. ఆపాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి" అన్నారు. ఉత్తర్వు వస్తే ఆపుతారా అంటే, వస్తే ఎందుకు ఆపమండి అన్నారు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది. మా కంపెనీలో చేరాల్సిన మనిషి.

దర్జీల సంఘంతో మాట్లాడి, పన్నెండు దాటినవాళ్ళకు ఫుల్ ప్యాంట్లు కుట్టొద్దని బతిమాలాం. పాలల్లో కలుపుకు తాగితే పొడుగవుతారనే పొడి అమ్మే దుకాణాల జాబితాను నూకరాజు తయారుచేశాడు. మన అసలు శత్రువు సెల్‌ఫోను కాదు, ఆ డబ్బా అని భరద్వాజ్ గారు తేల్చారు. ఇన్ని చేసినా పిల్లలు పెరుగుతూనే ఉన్నారు. కొందరైతే మేం మాట్లాడుతుండగానే పెరిగినట్టు నాకనిపించేది.

అప్పుడు వర్మగారికి ఒక ఆలోచన వచ్చింది. ఊళ్ళోవాళ్ళకు చెప్పేముందు మనిళ్ళు ఆదర్శంగా ఉండాలి కదా అన్నారు. ఉద్యోగుల పిల్లలకు ఎదుగుదలను ప్రోత్సహించే వస్తువులు కొనిపెట్టరాదని ఇంకో ఉత్తర్వు వచ్చింది. అందులో చేతిగడియారం ఉంది, నిలువుటద్దం ఉంది, పక్కచక్రాలు లేని సైకిలు ఉంది. కింద సంతకం నాది. సంతకం పెట్టాక చదివాను. ఎవరి పిల్లల పుట్టినరోజు ముందుగా వస్తుందో చూడమంటే నూకరాజు చూశాడు. మా అమ్మాయిది వస్తోంది. దానికి పదమూడు నిండుతున్నాయి.

"మంచిది. కమిటీ మీ ఇంటికే వస్తుంది. అమ్మాయి బొమ్మలతో ఆడుతుంటే విభాగం ఉంటుంది. లేకపోతే విభాగమూ ఉండదు, నువ్వూ ఉండవు" అన్నారు వర్మగారు. ఆయన కోప్పడకుండా అన్నారు. దాంతో ఇంకా భయం వేసింది.

మా అపూర్వ సైకిలు అడగడం ఐదో తరగతిలో మొదలెట్టింది. పదమూడో ఏట కొంటానని మాటిచ్చాను. అప్పట్లో పదమూడు చాలా దూరంగా కనిపించింది. బడికీ ట్యూషన్‌కీ సొంతంగా వెళ్ళాలని దాని కోరిక. నీలం రంగుది, ముందు బుట్ట ఉన్నది, కొట్టువాడి దగ్గర చూసి కూడా పెట్టుకుంది. నేను ఇంటికొచ్చి, నాలుగుసార్లు గొంతు సవరించుకుని, ఈ ఏడు సైకిలు కుదరదమ్మా అని ఉత్తర్వు సంగతి చెప్పాను. మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో వచ్చి నన్నొకసారి చూసి వెళ్ళిపోయింది. అపూర్వ ఏడవలేదు. నావైపు తిరిగి అడిగింది.

"నేను పెరిగితే నీ ఉద్యోగం పోతుందా నాన్నా?"

పోదులే, ఇంక్రిమెంటు ఆగుతుందేమో అన్నాను. నేను అబద్ధం చెప్పినప్పుడు ఎడమ చెవి గోక్కుంటానట. అది నా చెవివైపే చూసింది.

"సరేలే. వాళ్ళొచ్చినరోజు ఆడతాను" అంది.

ఆ మాటకు నాకు సంతోషం కలగాలి. కలగలేదు. కానీ జీపు డ్రైవరు హారన్ కొడుతున్నాడు, తునిలో ఇంకో కుర్రాడికి గొంతు మారుతోందని కబురొచ్చింది. వెళ్ళిపోయాను.

పుట్టినరోజు సాయంత్రం కమిటీ వచ్చింది. వర్మగారు, భరద్వాజ్ గారు, సోమయాజులుగారు, వెనకాల బొమ్మల పెట్టె మోసుకుంటూ నూకరాజు. అపూర్వ రెండేళ్ళనాటి గౌను వేసుకుంది. చంకల దగ్గర బిగుసుకుపోతోంది. రెండు పిలకలు వేసుకుని, మధ్యగదిలో చాప మీద కూర్చుని, కళ్ళు మూసే బొమ్మకు ఉగ్గు తినిపిస్తోంది. మూతి తుడుస్తోంది. జోకొడుతోంది. నా కూతురు అంత బాగా నటిస్తుందని నాకు అంతవరకూ తెలియదు. సోమయాజులుగారు తృప్తిగా తల ఊపారు. నూకరాజు రాసుకున్నాడు.

మిగతా బొమ్మలు కూడా చూపిద్దామని పెట్టె విప్పించారు వర్మగారు. పైనే కీ కారుంది, వాళ్ళ నాన్నగారి నాటి అచ్చులోనిది. అమ్మాయికి ఇలా తిప్పాలమ్మా అని చూపించడానికి ఆయన కీ ఇచ్చి వదిలారు. కారు జుయ్యిమంటూ వెళ్ళి సోఫా కింద దూరింది. మా ఎం.డి.గారు కండువా తీసి కుర్చీ మీద వేసి, బోర్లా పడుకుని, సోఫా కిందికి చెయ్యి పెట్టారు. తీసి మళ్ళీ కీ ఇచ్చారు. మళ్ళీ సోఫా కిందికి పోయింది. మూడోసారి దాన్ని గుమ్మం వైపు తిప్పి వదిలారు.

ఈలోగా భరద్వాజ్ గారు బ్యాటరీ రైలు పట్టాలు బిగిస్తున్నారు. పట్టా కుర్చీ కాళ్ళ మధ్య నుంచి వెళ్తే దూరం కలిసొస్తుందని సోమయాజులుగారితో వాదిస్తున్నారు. రైలు మొదటి చుట్టు తిరిగి వస్తుండగా వర్మగారి కారు వచ్చి అడ్డంగా పట్టాల మీద ఆగింది. రైలు దాన్ని గుద్ది పడిపోయింది. కారు తియ్యండి సార్ అన్నారు భరద్వాజ్ గారు. ఇది మా నాన్న చేసిన కారు, రైలే పక్కకు పెట్టుకో అన్నారు వర్మగారు. ట్రాక్ నేను వేశానన్నారు ఈయన. కంపెనీ నాదన్నారు ఆయన. తర్వాత ఇద్దరూ మాటలు మానేసి ఒకే ఇంజను చెరోవైపు పట్టుకుని లాగడం మొదలెట్టారు. సోమయాజులుగారు అదను చూసి కారు తీసుకున్నారు. నూకరాజు పెన్ను పట్టుకుని, ఇది రాయాలా వద్దా అన్నట్టు నావైపు చూశాడు.

అపూర్వ బొమ్మను పక్కన పడుకోబెట్టి లేచింది. వాళ్ళ మధ్యకు వెళ్ళి చెయ్యి చాపింది.

"రెండూ ఇలా ఇచ్చేయండి అంకుల్. కలిసి ఆడుకోవడం రాకపోతే ఎవరికీ లేదు. వెళ్ళి చేతులు కడుక్కు రండి, కేకు కోస్తాను."

ఇచ్చేశారు. ముగ్గురూ వరసగా పెరట్లో కొళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నారు. వర్మగారు మోచేతుల దాకా కడుక్కున్నారు. మా ఆవిడ తువ్వాలు ఇచ్చింది.

కేకు తింటూ వర్మగారు అపూర్వనే చూస్తున్నారు. అది అందరికీ సమానంగా ముక్కలు పెట్టి, సోమయాజులుగారికి సుగరని గుర్తుంచుకుని చిన్నది పెట్టింది. "మీ అమ్మాయి పెద్దదైపోయిందయ్యా భానోజీరావ్" అన్నారాయన. నేను లేచి నిలబడ్డాను. ఉద్యోగం పోయిందని అర్థమైంది. ఆశ్చర్యం, నాకు ఆ క్షణంలో ఉద్యోగం గురించి బెంగ కలగలేదు. నిజమేనా అన్నట్టు నా కూతురివైపు చూశాను. గౌను చేతుల కుట్లు ఊడిపోయి ఉన్నాయి. ఊళ్ళోవాళ్ళ పిల్లలందరి ఎత్తూ కొలిచాను కానీ, ఇది నా భుజం దాకా ఎప్పుడు వచ్చిందో చూసుకోలేదు.

భరద్వాజ్ గారు మాత్రం ప్లేటు పట్టుకుని కిటికీ దగ్గర గాఢంగా ఆలోచిస్తున్నారు. ఉన్నట్టుండి తిరిగారు. "సార్, మనం తప్పు మార్కెట్లో ఉన్నాం. అసలు కస్టమర్లు పెద్దవాళ్ళు. మీరు, నేను, సోమయాజులుగారు" అన్నారు. వర్మగారు నములుతూ ఆగిపోయారు. భరద్వాజ్ గారు గొంతు తగ్గించారు. "పైగా వీళ్ళు ఇంక పెరగరు సార్. లీకేజీ సున్నా."

ఆ వారమే ఎదుగుదల నివారణ విభాగం రద్దయి, పునర్బాల్య విభాగం వచ్చింది. అధిపతిని నేనే. పాత ఉత్తర్వులన్నీ ఉపసంహరించారు. ప్రతి ఉద్యోగీ నెలకు కొన్ని బొమ్మలు జీతంలోంచి విధిగా కొనాలనీ, మధ్యాహ్న భోజనానంతరం "నిర్ణీత క్రీడావ్యవధి"లో వాటితో ఆడవలెననీ కొత్త ఉత్తర్వు. ఆదాయం కాస్త లేచింది. ఇంకా లేపడానికి కోటా పెంచారు. కోటాకు జీతాలు చాలట్లేదని యూనియన్ వాళ్ళు గొడవ చేస్తే, జీతాలు పెంచారు. పెరిగిన జీతమంతా బొమ్మల కింద తిరిగొచ్చేసింది. ఆదాయం గెంతుకుంటూ పైకి పోయింది. ఖర్చు సంగతేమిటని అకౌంట్స్‌లో ఒకాయన అడిగాడు. గోడ మీద ఖర్చు గీత లేదు కదా అన్నారు భరద్వాజ్ గారు.

చేసిన బొమ్మలన్నీ మాకే సరిపోవడంతో దుకాణాలకు పంపడం ఆపేశాం. ఒకరోజు ఒకాయన అయిదేళ్ళ కూతుర్ని చంకనేసుకుని ఎక్కడా దొరకడం లేదని గేటు దగ్గరికే వచ్చి రైలు అడిగాడట. స్టాఫుకే చాలట్లేదండి, పాప పెద్దయ్యాక ఇక్కడ ఉద్యోగంలో చేరితే కోటా వస్తుంది అని వాచ్‌మన్ నచ్చజెప్పి పంపాడు.

ఈ ఉగాదికి పెయింటరు నిచ్చెన తెచ్చుకున్నాడు. మురిక్కాలవ దగ్గర నుంచి ఎర్రగీత నిట్టనిలువుగా లేచి గాజుపెంకుల్ని దాటింది. అక్కడ గోడ లేదు కాబట్టి ఒక రేకు బిగించి దాని మీద గీశారు. వర్మగారు మళ్ళీ రోడ్డువైపు నుంచే వస్తున్నారు. బస్సు కూడా ఎక్కుతారని, ఎడమవైపు కిటికీ దగ్గరే కూర్చుంటారని వినికిడి.

అపూర్వకు సైకిలు కొన్నాను, నీలం రంగుది, బుట్ట ఉన్నది. వెనక సీటు పట్టుకుని నేర్పిద్దామని ఆ ఆదివారం ఫ్యాక్టరీ రోడ్డుకు తీసుకెళ్ళాను. పంచె ఎగ్గట్టి సిద్ధంగా నిలబడ్డాను. అది ఎక్కి తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. తొక్కడం ఎప్పుడో వచ్చేసిందట, స్నేహితురాలి సైకిలు మీద, నేను తునిలోనో పిఠాపురంలోనో ఉన్నప్పుడు. గోడ వెంట పోతోంది. లక్కపిడతలు దాటింది, కళ్ళు మూసే బొమ్మ దాటింది, రైలు దాటింది, టీకొట్టు దాటింది. మెల్లగా అని అరిచాను. వెనక్కి చూడకుండా ఒక చెయ్యి ఊపింది. గోడ చివరి దాకా వెళ్ళి తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. సామర్లకోట వైపు వెళ్ళిపోయింది. నాకు గర్వంగానూ ఉంది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి టీకొట్టతను ఒక టీ ఇచ్చి ఊరుకోబెట్టాడు.

ఇప్పుడు సాయంత్రాలు అది ట్యూషన్‌కి సైకిలు మీదే వెళ్తోంది. వెళ్ళేముందు, ఆడుకున్నాక అన్నీ సర్దేయి నాన్నా అని చెప్పి మరీ వెళ్తుంది. నిన్న నా ఈ నెల కోటా వచ్చింది. అందులో కీ కారు కూడా ఉంది. మధ్యగదిలో కూర్చుని కీ ఇచ్చి వదిలాను. జుయ్యిమంటూ వెళ్ళి సోఫా కింద దూరింది. నా నడుము నొప్పికి బోర్లా పడుకోవడం కుదరదు. అలవాటుగా, కాస్త తీసిపెట్టమ్మా అని కేకేశాను. ఇంట్లో పిల్లలెవరూ లేరు.